పాత అంబాసిడర్ పెట్రోలు ట్యాంకు దింపాలంటే: నూనా, రంపమా, గ్యాసా?

ఏళ్ల తరబడి షెడ్డులో పడున్న అంబాసిడర్‌ను మళ్లీ రోడ్డెక్కించాలంటే ఇంజను జోలికి వెళ్లేముందు పెట్రోలు ట్యాంకు దింపాలి. లోపల తుప్పు పొడి, జిగురుగా మారిన పాత పెట్రోలు ఉంటాయి. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది కాబట్టి ట్యాంకు కడక్కుండా కొత్తది పోస్తే తుప్పు ఇంకా పెరుగుతుంది. చిక్కంతా బోల్టుల దగ్గరే. బండి కింద ఏళ్లకేళ్లు బురద తిని నట్టూ బోల్టూ ఒకే ముద్దయిపోయి ఉంటాయి.

హైదరాబాద్‌లో ఏ షెడ్డుకు తీసుకెళ్లినా ముందు వినబడే మాట, "గ్యాస్ చూపిస్తే రెండు నిమిషాల పని అన్నా!" అంటే గ్యాస్ మంటతో బోల్టును కాల్చడమన్నమాట. సైలెన్సర్ బోల్టుకైతే నేనూ సరే అంటాను. వేడికి నట్టు వ్యాకోచించి తుప్పు పట్టు వదులుతుంది. ట్యాంకు దగ్గర మాత్రం వద్దే వద్దు. గాలిలో పెట్రోలు ఆవిరి సుమారు 1.4 నుంచి 7.6 శాతం మధ్య ఉంటే చాలు, అంటుకుంటుంది. నిండు ట్యాంకులో ఆవిరికీ గాలికీ చోటు తక్కువ. ఖాళీ ట్యాంకులో కావలసినంత చోటు. అందుకే "ఖాళీయే కదా, ఏం కాదులే" అనే మాటకు నాకు వణుకు పుడుతుంది. పైకి ఎండినట్టు కనిపించే జిగురు కూడా వేడి తగిలితే మళ్లీ ఆవిరి వదులుతుంది. నిప్పురవ్వలు చిమ్ముతూ బోల్టు కోసే కరెంటు గ్రైండర్‌దీ ఇదే కథ. గ్యాసూ గ్రైండరూ రెండూ పోటీలోంచి అవుట్.

ఇక మిగిలింది నూనె, ఓపిక. నా ఓటు ముందు దీనికే. వైర్ బ్రష్‌తో థ్రెడ్ (బోల్టు మర) కనబడేదాకా గీకి, డబ్ల్యూడీ-40 లాంటి తుప్పు వదిలించే నూనె కొట్టి, రెండు మూడు రోజులు పూటపూటా తడుపుతూ ఉండాలి. విప్పేటప్పుడు ముందు కొంచెం బిగించే వైపు తిప్పి చూడండి. చిన్న 'కిర్రు' వినబడిందంటే తుప్పు విడిచినట్టే. అప్పుడు పావు చుట్టు ఇటు, అర చుట్టు అటు.

ఇక్కడ చాలామంది పట్టించుకోనిది పానా సైజు. అంబాసిడర్ ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ వంశం, పాత బండ్లలో బోల్టులు అంగుళాల లెక్క. అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. చేతికందిన 13 నంబరు పానా పెడితే ఎక్కినట్టే ఉంటుంది, బలం పెట్టగానే జారి మూలలు తినేస్తుంది. మూలలు గుండ్రమయ్యాక ఎంత నూనె పోసినా పట్టు దొరకదు. అంగుళాల బాక్సు పానా, అదీ ఆరు మూలలది వాడాలి.

అయినా కదలకపోతే బోల్టును వదులుకోండి. చేత్తో హ్యాక్సా (ఇనుము కోసే రంపం) బ్లేడ్ పట్టుకుని, నూనె చుక్కలు వేస్తూ నెమ్మదిగా కోయాలి. చెయ్యి లాగుతుంది, విసుగొస్తుంది. పోయేది మాత్రం బోల్టే. పాత ముక్క పట్టుకెళ్తే రాణీగంజ్ దుకాణాల్లో థ్రెడ్ కలిపి చూసుకుని మరొకటి తెచ్చుకోవచ్చు.

డికీ అడుగు రేకు కోసేసి పైనుంచి లాగేద్దామనే వాళ్లూ ఉన్నారు. యాభై ఏళ్లు దాటిన బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించే ఆలోచన ఉంటే ఆ మాట మరిచిపోండి. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం బండి అసలు రూపంలోనే ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజన్‌లలో మార్పులు చేసి ఉండకూడదు. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజే 20,000 రూపాయలు. నాలుగు బోల్టుల కోసం దానికి అడ్డం తెచ్చుకోవడమెందుకు?

ఇంట్లోనా, షెడ్డులోనా అంటే, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మాత్రం వద్దు. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, పల్లంలో పేరుకుంటుంది. పక్కనే బోరు మోటారు స్టార్టర్, లిఫ్టు ప్యానెల్, స్కూటర్ స్టార్ట్ చేసే పొరుగాయన... ఎక్కడ రవ్వ పుడుతుందో తెలీదు. ఆరుబయట, నీడలో, బ్యాటరీ వైర్లు విప్పి, మిగిలిన పెట్రోలు మూతున్న ఇనుప క్యాన్‌లోకి దించాకే పని మొదలుపెట్టాలి.  ఆఖరి బోల్టు ఊడకముందే ట్యాంకు అడుగున చెక్కపలక పెట్టి జాకీతో ఆనించాలి. పెట్రోలు గొట్టం రబ్బరు గట్టిపడి రాకపోతే లాగకుండా బ్లేడుతో నిలువుగా చీల్చండి, ఎలాగూ కొత్తదే వేయాలి.

పని షెడ్డులో అప్పజెప్తే కూలి ముందే మాట్లాడుకోండి. ఉస్తాద్ గ్యాస్ అడిగేది తొందరగా తెమిల్చుకోవడానికే, పనికింత అని మాట్లాడుకుంటే గంటసేపు రంపం పట్టడం అతనికి గిట్టుబాటు కాదు. రోజు కూలి ఇస్తానని చెప్పి, సిలిండర్ బయటే ఉంచమనండి.