వాచీ మూత విప్పకుండానే బాగుచేశాడు

విజయనగరంలో గంటస్తంభం దగ్గర సందులో ఉన్న చిన్న ఫోన్ రిపేరు షాపు ఇది. నా స్మార్ట్‌వాచీ ఫుల్ చార్జింగుతో పెట్టుకుని బడికి వెళ్తే సాయంత్రానికి ఆగిపోయేది. ఇంకోచోట చూపిస్తే, సరిగా చూడకుండానే బ్యాటరీ మార్చాలన్నారు.

ఈ కుర్రాడు ముందు నా ఫోన్ అడిగాడు. వాచీ యాప్‌లో బ్యాటరీ దేనికెంత ఖర్చవుతోందో చూపించే పేజీ తెరిచి నా ముందు పెట్టాడు. "బ్యాటరీకి ఏటీ అవలేదు మేస్టారూ, తెరే తినేస్తంది" అన్నాడు.

తెర ఎప్పుడూ వెలిగి ఉండే సెట్టింగు ఆన్‌లో ఉంది. దానికి తోడు సెకన్ల ముల్లు తిరిగే తెల్లటి డయలు. నా వాచీది అమోలెడ్ రకం తెర. అందులో నలుపు ఉన్నచోట పిక్సెల్ (తెరలోని చిన్న చుక్క) వెలగదు, చార్జింగూ ఖర్చవదు, అందుకని నల్ల డయలు పెట్టాడు. నిద్రలో రక్తంలోని ఆక్సిజన్ కొలిచే సెన్సారు రాత్రంతా పనిచేస్తోంది, అదీ ఆపేశాడు. గుండె వేగం కొలిచేదాని జోలికి మాత్రం వెళ్లలేదు. "బీపీ గానీ ఉందా?" అని అడిగి, ఉందంటే అలాగే ఉంచేశాడు. నాకు బాగా నచ్చింది ఇదే. మనిషిని చూసి పనిచేసేవాళ్లు ఎంతమంది ఉన్నారు?

వాట్సాప్ గ్రూపుల మోత కూడా వాచీకి రాకుండా చేశాడు. వెనక చార్జింగ్ పిన్నులకు పట్టిన చెమట మరకలు స్పిరిట్‌తో తుడిచి యాభై రూపాయలే తీసుకున్నాడు.

ఇప్పుడు పడుకునే వేళకి సగం పైనే మిగులుతోంది. షాపు మరీ ఇరుకు, కూర్చోడానికి చోటుండదు. సందులోకి బండి తీసుకెళ్లకండి, బయటే పెట్టి నడిచి వెళ్లండి.