యాషికా 635: అరుదైన సామాను, మామూలు కెమెరా

పాత ఫిల్ము కెమెరాలు కొనబోయేవారికి దుకాణదారు నోట మొదట వినిపించే మాట ‘ఇది ఇంకెక్కడా దొరకదు సార్’ అన్నది. ఆ మాట చాలాసార్లు నిజమే అవుతుంది. అయితే దొరకకపోవడానికి ఎంత చెల్లించాలి, పని చేయడానికి ఎంత చెల్లించాలి అన్నవి రెండు వేర్వేరు లెక్కలని ఆరు నెలల క్రితం యాషికా 635 కొన్న తరువాతే నాకు బోధపడింది. హైదరాబాదు కోఠీలోని ఒక దుకాణంలో ఈ రకం కెమెరాలే రెండు పక్కపక్కన ఉన్నాయి. ఒకటి ఉత్త కెమెరా, 9,000 రూపాయలు. రెండోది 35 ఎం.ఎం. ఫిల్ము వేసుకునే విడిభాగాలన్నిటితో కలిపి 16,000. బేరమాడే ప్రయత్నమైనా చేయకుండా రెండోదే తీసుకున్నాను.

యాషికా అనే జపాను కంపెనీ 1958లో తెచ్చిన ఈ 635 ఒకదాని మీద ఒకటిగా రెండు లెన్సులున్న కెమెరా. పై లెన్స్ మనం చూడడానికి, కింది లెన్స్ ఫొటో తీయడానికి. పేరులోని 6 అంటే 120 ఫిల్ము అనే వెడల్పాటి చుట్ట ఫిల్ము మీద పడే ఆరు సెంటీమీటర్ల చదరపు బొమ్మ, 35 అంటే 35 ఎం.ఎం. ఫిల్ము. ఒకే కెమెరాలో రెండూ వాడవచ్చునన్నదే కంపెనీ చూపిన ఆకర్షణ. అందుకోసం ఫిల్మును వెనుక నుంచి అదిమిపట్టే పలక, కాసెట్‌ను కదలకుండా పట్టే బిళ్లలు, ఫిల్ము చుట్టుకునే రీలు వంటి చిన్న ముక్కలు కెమెరాతో పాటే వచ్చేవి. నేడు అరుదైనవి ఆ ముక్కలే తప్ప కెమెరా కాదు. వాటిని తక్కువగా తయారు చేసినందువల్ల అవి అరుదు కాలేదు. వాడుకలో లేక పోగొట్టుకున్నందువల్ల అరుదయ్యాయి. మన ఊళ్లలో ఫొటో స్టూడియోలకు అన్నం పెట్టింది పెన్సిలుతో రీటచింగ్, అంటే ముఖాల మీది లోపాల దిద్దుబాటు, చేసుకోవడానికి వీలిచ్చే పెద్ద చదరపు నెగటివ్. ఆ పని చేసేవారికి ఈ బిళ్లలతో అవసరమేముంది? అవి ఏ సొరుగులోనో పడి, స్టూడియో ఇల్లు మారినప్పుడు చెత్తలో కలిసిపోయాయి.

అంత అరుదైన సామానును వాడి చూడాలి కదా అని మొదటి వారంలోనే ఒక 35 ఎం.ఎం. రీలు ఎక్కించాను. బిళ్లలు, పలక సరిగ్గా కూర్చోబెట్టడానికి పావుగంట పట్టింది. ఈ కెమెరాలో ఫిల్ము కింది నుంచి పైకి నడుస్తుంది కాబట్టి 35 ఎం.ఎం. బొమ్మ ఎప్పుడూ నిలువుగానే పడుతుంది. అడ్డం బొమ్మ కావాలంటే కెమెరాను పక్కకు తిప్పి పట్టుకోవాలి. అప్పుడు పైనుంచి తల వంచి చూడవలసిన గాజు తెర పక్కకు తిరిగిపోతుంది, దానిలో కుడి ఎడమలు తారుమారుగా కనిపించే దృశ్యం కాస్తా తల మెలితిప్పి చూడవలసిన దృశ్యమవుతుంది. హుస్సేన్‌సాగర్ గట్టు మీద ఆ విన్యాసం చేస్తుంటే ఒక పెద్దాయన ఆగి, మెడ పట్టేసిందా బాబూ అని అడిగారు. న్యాయంగా చెప్పాలంటే ఒక సుఖమూ లేకపోలేదు. ఇందులోని 80 ఎం.ఎం. లెన్స్ చిన్న ఫిల్ము మీద మనుషుల ముఖాలు తీయడానికి చక్కని దూరాన్ని ఇస్తుంది, మా అమ్మవి తీసిన రెండు ఫొటోలు నిజంగా బాగా వచ్చాయి. కాని అదే పని ఇంతకంటే సులువుగా చేసే ఎస్‌ఎల్‌ఆర్ (ఒకే లెన్స్‌తో చూసి, దానితోనే ఫొటో తీసే) కెమెరాలు సగం ధరకే దొరుకుతాయి. ఆ తరువాత మళ్లీ ఆ బిళ్లల జోలికి పోలేదు.

120 ఫిల్ముతో మాత్రం ఇది నమ్మదగిన పనిముట్టు. దీనిలోని యాషికార్ లెన్స్ మూడు గాజులతో చేసిన సాధారణమైన నిర్మాణం. అపర్చర్‌ను, అంటే లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రాన్ని, పూర్తిగా తెరిచి ఎఫ్ 3.5 దగ్గర తీస్తే అంచులు మెత్తబడతాయి. రంధ్రాన్ని చిన్నది చేసి ఎఫ్ 8కి, 11కి దించితే చదరం నాలుగు మూలలా పదును కనిపిస్తుంది. కోపాల్ షట్టర్ ఒక సెకను నుంచి 500వ వంతు వరకు పనిచేస్తుంది. లైట్ మీటర్ లేదు, బ్యాటరీ లేదు, కాబట్టి అవి చెడిపోతాయన్న భయమూ లేదు. ఫిల్ము తిప్పడం ఒక పని, షట్టర్ ఎక్కుపెట్టడం మరొక పని. తిప్పడం మరచిపోతే ఒకే ఫ్రేము మీద రెండు దృశ్యాలు పడతాయి. రీలుకు పన్నెండే ఫొటోలు, ఆ రీలూ చవక కాదు కనుక ఆ మరుపు త్వరగానే వదిలిపోతుంది.

ఇప్పుడు నా పొరపాటు సంగతి చెప్పాలి. ఇంటికి తెచ్చిన రాత్రి వెనుక తలుపు తెరిచి, షట్టర్‌ను ‘బి’లో (నొక్కినంతసేపు తెరిచి ఉండే అమరికలో) పెట్టి, టార్చి వేసి చూస్తే లెన్స్ లోపల సాలెగూడులా ఫంగస్ ఉంది. ఒక సెకను పెట్టి నొక్కితే, గ్రీజు గట్టిపడిన ఆ షట్టర్ తెరుచుకుని అలాగే నిలబడిపోయింది. లెన్స్ విప్పి తుడిచి, షట్టర్ శుభ్రం చేయడానికి మెకానిక్ 3,500 తీసుకున్నాడు. దుకాణంలో నేను పావుగంట సేపు బిళ్లలన్నీ ఉన్నాయా లేవా అని లెక్కపెట్టాను. లెన్స్ గుండా ఒక్కసారీ చూడలేదు. పది రోజుల తరువాత ఆ 9,000 రూపాయల కెమెరా చూద్దామని వెళితే, గాజు శుభ్రంగా ఉందని చెప్పి ఎవరో కుర్రవాడు పట్టుకుపోయాడట.

అరుదైనదాన్ని పనికొచ్చేదనుకునే ఈ గందరగోళం యాషికాతోనే ఆగదు. జర్మన్ కెమెరా లైకా ఎం3ని 1954 నుంచి 1966 వరకు రెండు లక్షలకు పైగా తయారు చేశారు, అది ఏ విధంగానూ అరుదైనది కాదు. అయినా ధర దిగకపోవడానికి కారణం నేటికీ మరమ్మతు చేయించి రోజూ వాడుకోగలగడమే. దీనికి పూర్తిగా అవతలి కొస లైకా తొలి నమూనాలైన 0-సిరీస్‌లోని 105వ నంబరు కెమెరా. 2022 జూన్‌లో జర్మనీలో జరిగిన వేలంలో అది 1.44 కోట్ల యూరోలు పలికింది. అటువంటివి చేసినవే పాతిక లోపు, పైగా అది లైకా సృష్టికర్త ఆస్కర్ బార్నాక్ సొంతంగా వాడినది. ఈ రెండింటి మధ్య ఉండే మనవంటి కొనుగోలుదారులకే మోసం ఎదురవుతుంది. సోవియట్ కెమెరాలైన ఫెడ్, జోర్కిలకు బంగారు రంగు పూసి, పేరు మార్చి చెక్కి, అరుదైన లైకాలుగా అమ్మడం ఎప్పటినుంచో ఉన్నదే. అది మోసం, యాషికావారిదే మరో రెండు లెన్సుల కెమెరా మ్యాట్-124జి విషయంలో జరిగేది కేవలం భ్రమ. చివర ఉన్న ‘జి’ బంగారానికి గుర్తు అని గట్టిగా చెబుతారు. ఆ బంగారం లోపలి విద్యుత్ కాంటాక్టుల మీది పూత మాత్రమే. లెన్స్, షట్టర్ విషయంలో జి లేని 124కూ దానికీ చెప్పుకోదగ్గ తేడా లేదు.

చదరపు నెగటివ్ కోసం 635 కొనేవారు సామాను లేనిదే తీసుకోవాలి, మిగిలిన డబ్బు సర్వీసుకు దాచుకోవాలి. టార్చి జేబులో ఉండాలి. షట్టర్ తక్కువ వేగాలన్నీ నొక్కి చూసి చెవి ఒగ్గి వినాలి. లోపలి అద్దం మసకబారిందో లేదో గాజు తెరలోంచి చూడాలి. తోలు ఊడిపోతే అతికించుకోవచ్చు, గాజు మీద గీత పడితే చేయగలిగింది లేదు.

నా బిళ్లల సెట్టును గత నెల బెంగళూరులోని ఒక సేకర్త 5,000కు తీసుకున్నారు. పలక మీద గీతలున్నాయా, ముక్కలన్నీ అసలువేనా అని రెండుసార్లు ఫోన్ చేసి అడిగారు. ఫిల్ము సరిగ్గా నడుస్తుందా అని మాత్రం అడగలేదు.