మధ్యవర్తి మంచివారే, గోడే పలచన

హైదరాబాద్‌లో విడాకుల తగాదాలకు మధ్యవర్తిత్వం చేసే ఒక ప్రైవేటు కేంద్రం గురించి రాస్తున్నాను. పేరు చెప్పను. లోపలి మాటలు బయటికి పోకూడదని 2023 నాటి మధ్యవర్తిత్వ చట్టం అంటోంది, మేము సంతకం పెట్టిన కాగితమూ అదే అంటోంది. కాబట్టి బాబు వాళ్ళ నాన్న ఏమన్నారో, చివరికి ఎవరికి ఎంత వచ్చిందో అడగకండి. పని ఎలా చేస్తారో మాత్రం చెబుతాను. నా లెక్కలో అయిదు మార్కులకు మూడున్నర.

ముందు ఆ తగ్గించిన ఒకటిన్నర సంగతి. మాకు మొదట కేటాయించిన పెద్దాయన కుర్చీలో కూర్చున్న దగ్గర నుంచి సంసారం మీద ఉపన్యాసమే. (ఉపన్యాసాలు రహస్యాల కిందికి రావనుకుంటాను.) ఆడపిల్లే ఒక మెట్టు దిగాలట, పిల్లవాడి ముఖం చూసి సర్దుకుపోవాలట. ఈ మాటలు మా ఊళ్ళో పెద్దమనుషుల పంచాయితీలో ఖర్చు లేకుండానే విన్నాం. ఇక్కడ గంటకు ఒక్కొక్కరం 2,500 రూపాయలు కడుతున్నాం. తీర్పు చెప్పడం, ఒక వైపు మొగ్గడం మధ్యవర్తి పని కాదు. వేరే వారిని ఇమ్మంటే మారుమాట లేకుండా ఇచ్చారు. ఆ గంట ఫీజు కూడా మారుమాట లేకుండానే తీసుకున్నారు.

రెండో లోపం గోడ. ఇద్దరినీ కలిపి మాట్లాడించాక విడివిడిగా కూడా కూర్చోబెడతారు. అక్కడ చెప్పినది మన అనుమతి లేకుండా అవతలివారికి చేరకూడదు. చట్టం అంత గట్టిగా కాపాడే రహస్యాన్ని ఇక్కడ ఒక ప్లైవుడ్ చెక్క కాపాడుతోంది. పక్క గదివాళ్ళ కారు వాయిదాలు ఇకపై ఎవరు కట్టాలో నాకు పూర్తిగా తెలిసిపోయింది.

ఇక రెండో మధ్యవర్తి. మళ్ళీ కలిసి ఉండే ఉద్దేశం ఉందా అని ఒక్కసారి అడిగారు. ఇద్దరం లేదన్నాక ఆవిడ మళ్ళీ ఆ ఊసెత్తలేదు. పొడుగాటి రూళ్ళ పుస్తకం తీసి బంగారంతో మొదలుపెట్టారు. ఎన్ని తులాలని అడగలేదు, పెళ్ళి ఆల్బం తెమ్మన్నారు. ఫొటోల్లో వేలు పెట్టి ఒక్కో నగే రాసుకున్నారు: వడ్డాణం మా అమ్మ పెట్టినది, కాసులపేరు అత్తగారు పెట్టినది, పాత గొలుసు చెరిపించి ఇంకొంత డబ్బు వేసి చేయించినది హారం. ఏది ఇప్పుడు ఎక్కడ ఉంది, లాకరు ఎవరి పేరున ఉంది, అన్నీ వరుసగా. మా అన్నయ్య, వాళ్ళ బావగారు తులాల లెక్క మీద నెలల తరబడి ఫోన్లలో అరుచుకున్న వ్యవహారం భోజనాల వేళకు ఒక్క పేజీలో తేలింది.

బాబు విషయంలోనూ అంతే. తండ్రి అప్పుడప్పుడు వచ్చి చూడవచ్చు అని రాసి వదిలేయలేదు. శనివారం బడి దగ్గర ఎవరు ఎక్కించుకోవాలి, ఆదివారం ఎన్ని గంటలకు ఎక్కడ దింపాలి, సంక్రాంతి ఏ ఏడాది అమ్మమ్మ ఇంట్లో, ఏ ఏడాది నాయనమ్మ ఇంట్లో, జూన్‌లో ఫీజు ఏ తేదీలోగా కట్టాలి. పిల్లల పాస్‌పోర్టుకు తల్లిదండ్రులిద్దరి సమ్మతి అడుగుతారని, అదీ ఇప్పుడే రాసుకుంటే తర్వాత పేచీ ఉండదని ఆవిడే గుర్తుచేశారు.

రిసెప్షన్‌లో "అంతా ఇక్కడే అయిపోతుంది మేడమ్" అంటారు. అవదు. విడాకులు ఇచ్చేది కోర్టే. హిందూ వివాహ చట్టం 13బి కింద ఇద్దరూ కలిసి పిటిషన్ వేయాలి, అప్పటికి కనీసం ఏడాదిగా విడిగా ఉండాలి, వేశాక ఆరు నెలలు ఆగాలి. ఆ ఆరు నెలలను మినహాయించే అధికారం కోర్టుకు ఉందని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. భరణం, పిల్లల సంగతి ముందే తేల్చుకున్నారా అన్నది అందులో చూస్తారు. పురానీ హవేలీ ఫ్యామిలీ కోర్టులో మాకు ఆ రూళ్ళ పేజీలు అక్కరకొచ్చింది అందుకే.

ముసాయిదా మాత్రం సొంత లాయరుకు చూపించకుండా సంతకం పెట్టకండి. "ఇకపై ఎలాంటి హక్కులూ కోరము" అన్న వాక్యం బాబు పోషణ ఖర్చును కూడా మింగేసేలా ఉందని మా లాయరుగారు పట్టుకుని మార్పించారు.

డబ్బు ఇబ్బంది ఉన్నవారు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్ళండి. ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆడవాళ్ళకు ఉచిత న్యాయ సహాయం 1987 చట్టంలోనే ఉంది. కొట్టే మనిషితో తగాదా అయితే అసలు ఈ కుర్చీల జోలికే పోవద్దు. ముందు 2005 గృహహింస చట్టం కింద రక్షణ ఉత్తర్వు తెచ్చుకోండి.

ఒకరు ఆలస్యంగా వచ్చినా ఇద్దరికీ బిల్లు పడుతుంది, కాబట్టి మెహదీపట్నం మీదుగా వచ్చేవారు సాయంత్రం సమయం తీసుకోకండి. రెండో అంతస్తు, లిఫ్టు లేదు. పెద్దవాళ్ళను వెంట తెచ్చుకోకండి, ఎలాగూ లోపలికి రానివ్వరు.