రెండడుగుల తొట్టిలో అడుగు పొడవు చేప: ఏది మేలు?

షాపులో మూడంగుళాల పిల్లలుగా కొన్న ‘షార్క్’ జత ఏడాది తిరిగేసరికి అడుగు వెడల్పు ట్యాంకులో వెనక్కి మళ్లలేనంత అవుతుంది. అప్పుడు ఇంట్లో తలో మాట వినిపిస్తుంది. ఇంకాస్త పెద్ద ట్యాంకు కొందామని ఒకరు, పెరట్లో టార్పాలిన్ తొట్టి కడదామని ఒకరు, కొన్నచోటే ఇచ్చేద్దామని ఒకరు, చెరువులో వదిలేద్దామని మరొకరు. ఎవరూ పైకి అనని ఐదో దారి కూడా ఉంది: అలాగే ఉండనివ్వడం. చాలా ఇళ్లలో జరిగేది అదే. ఈ ఐదింటిలో ఏది మేలో తేల్చేది ముందుగా మీ బడ్జెట్ కాదు, తొట్టిలో ఉన్న చేప పేరు.

ముందు పేరు తేల్చుకోండి

అక్వేరియం షాపు ‘షార్క్’కీ సొరచేపకీ సంబంధం లేదు. అది పంగాసియస్, మీసాల చేప. కృష్ణా, పశ్చిమ గోదావరి చెరువుల్లో రైతులు టన్నుల లెక్కన పెంచి అమ్మే చేపే. పూర్తిగా ఎదిగితే నాలుగడుగులు దాటగలదు. ‘పిరానా’ అని అంటగట్టే ఎర్ర పొట్ట చేప చాలాసార్లు పాకూ. మన చేపల మార్కెట్లో దాని పేరు రూప్‌చంద్. నోరు చూస్తే తేడా తెలుస్తుంది: పిరానాకు కింది దవడ ముందుకు పొడుచుకొచ్చి పళ్లు కత్తుల్లా ఉంటాయి, రూప్‌చంద్ పళ్లు మన దంతాల్లా చదునుగా ఉంటాయి. ఇది రెండున్నర అడుగుల దాకా వెళ్తుంది. అద్దాలు శుభ్రం చేస్తుందని ఇచ్చే సక్కర్ అడుగున్నర, సిల్వర్ ఆరోవానా మూడడుగులు, రెడ్‌టెయిల్ క్యాట్‌ఫిష్ నాలుగడుగులు, కోయి కార్ప్ రెండడుగులు. ఆస్కార్, ఫ్లవర్‌హార్న్ అడుగు దగ్గర ఆగుతాయి. గుండ్రటి గోల్డ్‌ఫిష్ ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు. సన్నగా పొడుగ్గా ఉండే కామెట్ రకం అడుగు దాకా.

ఇక తొట్టి లెక్క. ఒక ఘనపుటడుగుకు 28.3 లీటర్లు. 2 × 1 × 1 అడుగుల ట్యాంకు అంటే 56 లీటర్లు. ఇసుక, రాళ్లు, పైన వదిలే ఖాళీ పోతే 45 మిగులుతాయి. చేప పొడవు రెట్టింపైతే బరువు ఎనిమిది రెట్లవుతుంది. మూడంగుళాల ఆస్కార్ పన్నెండు అంగుళాలకు చేరితే పొడవు 4 రెట్లే, బరువు మాత్రం దాదాపు 64 రెట్లు. తినేదీ విసర్జించేదీ ఆ బరువు వెంటే పెరుగుతాయి, నీళ్లు మాత్రం అవే 45 లీటర్లు. ‘అంగుళం చేపకు ఇన్ని లీటర్లు’ అనే లెక్క గప్పీల్లాంటి చిట్టి చేపలకు పనికొస్తుందేమో గానీ వీటికి పనికిరాదు.

అలాగే ఉంచేస్తే

‘తొట్టి ఎంతో చేప అంతే పెరుగుతుంది’ అని షాపువాళ్లు చెప్పే మాటలో ఒక ముక్క నిజం: చిన్న తొట్టిలో ఎదుగుదల నిజంగానే కుంటుపడుతుంది. అయితే చేప తనంతట తాను సర్దుకుని ఆగడం లేదు. చేప వ్యర్థాల నుంచి పేరుకుపోయిన నైట్రేట్, చాలని ఆక్సిజన్, ఒత్తిడి దాన్ని ఆపుతున్నాయి. గుర్తులు బయటికి కనిపిస్తాయి. వెన్ను వంకర తిరుగుతుంది, ఒంటికి మించి కళ్లు పెద్దవిగా కనిపిస్తాయి, ఆస్కార్‌కైతే తల మీదా ఒంటి పక్కనుండే గీత వెంటా గుంటలు పడతాయి. చక్కగా పెంచితే పదేళ్లకు పైగా బతికే చేప రెండు మూడేళ్లకే పోతుంది.

మోసం ఎక్కడుందంటే, ఇవి మొండి చేపలు. పంగాసియస్ పైకొచ్చి గాలి మింగి ఊపిరి తీసుకోగలదు. సక్కర్ కూడా అంతే, మింగిన గాలిలోంచి కడుపుతోనే ఆక్సిజన్ పట్టుకుంటుంది. గప్పీ ఒక రాత్రికే చచ్చిపోయే నీళ్లలో ఇవి నెలల తరబడి ఉంటాయి కాబట్టి ‘మా ట్యాంకులో బానే ఉంది’ అనిపిస్తుంది. రూప్‌చంద్ అయితే దాచుకోలేదు: ఆక్సిజన్ చాలనప్పుడు దాని కింది పెదవి ఉబ్బి ముందుకొస్తుంది, నీటి పై పొరను ఆ పెదవితో మొప్పల్లోకి తోసుకుంటుంది. అది కనిపించిన రోజు ఎయిర్ పంపు ఇంకోటి పెట్టి, సగం నీళ్లు మార్చాలి (నెలల తరబడి నీళ్లు మార్చని ట్యాంకైతే కొద్దికొద్దిగా).

కాబట్టి ఐదో దారి దారి కాదు. మిగిలిన నాలుగు చూద్దాం.

పెద్ద గాజు ట్యాంకు

రెండు కొలతలు చాలు. ట్యాంకు పొడవు చేప పూర్తి పొడవుకు కనీసం 4 రెట్లు, వెడల్పు కనీసం ఒకటిన్నర రెట్లు. వెడల్పునే అందరూ మర్చిపోతారు; పొడుగ్గా సన్నగా ఉన్న ట్యాంకు చూపుకి బాగుంటుంది, చేప వెనక్కి తిరగడానికి ఉండదు. ఒక్క ఆస్కార్‌కు 4 × 1.5 × 1.5 అడుగులు, అంటే 255 లీటర్లు, సరిగ్గా సరిపోతుంది. జత కావాలంటే ఆరడుగులకు వెళ్లాలి.

అదే కొలతలు పంగాసియస్‌కు వేయండి. అది ఇంట్లో మూడడుగులకే ఆగుతుందనుకున్నా 12 × 4.5 × 3 అడుగులు, దాదాపు 4,600 లీటర్లు. పైగా అది గుంపులో బతికే చేప, అదిరిపడే స్వభావం. లైటు వేసినా తలుపు చప్పుడైనా దూసుకెళ్లి అద్దానికి ముక్కు కొట్టుకుంటుంది. ఆ పుండు మీద తెల్లగా ఫంగస్ పడుతుంది. అందుకే రెండడుగుల నుంచి మూడడుగుల ట్యాంకుకు మారడం అన్నిటికన్నా చెడ్డ బేరం. ఆరు నెలల్లో మళ్లీ అదే ఇరుకు, డబ్బు రెండుసార్లు ఖర్చు, ఈలోపు చేప ఇంకా పెద్దదై తీసుకునేవాళ్లు తగ్గిపోతారు.

ఆస్కార్‌కో ఫ్లవర్‌హార్న్‌కో నాలుగడుగుల ట్యాంకు తీసుకుంటే కొన్ని జాగ్రత్తలు. నీళ్లు, గాజు, స్టాండు, ఇసుక కలిపి 340 కిలోలు దాటుతుంది; ఐదుగురు మనుషులు పక్కపక్కన కదలకుండా నిలబడ్డట్టు. గోడ వారగా, కింద బీమ్ ఉన్నచోట పెట్టాలి. ఆరడుగులదైతే (6 × 2 × 2) నీళ్లే 680 కిలోలు, 12 మిల్లీమీటర్ల గాజు ఇంకో 120. ఇళ్ల స్లాబును మామూలుగా చదరపు మీటరుకు 200 కిలోల లెక్కన డిజైన్ చేస్తారు, ఈ ట్యాంకు కింద అది 700 దాటుతుంది. పై అంతస్తుల్లో ఉండేవాళ్లు ఇంజనీరును అడగకుండా ఆర్డర్ ఇవ్వకండి. ట్యాంకుకీ స్టాండుకీ మధ్య థర్మోకోల్ షీటు వేస్తే చిన్న ఎత్తుపల్లాలు గాజు మీద పడవు.

ఫిల్టర్ గంటకు ట్యాంకు నీళ్లను 4 నుంచి 6 సార్లు తిప్పాలి: 255 లీటర్లకు గంటకు 1,000 నుంచి 1,500 లీటర్ల క్యానిస్టర్ (ట్యాంకు బయట ఉండే డబ్బా ఫిల్టర్) లేదా సంప్ (విడిగా పెట్టే ఫిల్టర్ తొట్టి). నీళ్లలో ముంచే చిన్న పవర్ ఫిల్టర్ ఆస్కార్ మురికికి మూడు రోజుల్లో పూడుకుపోతుంది. ఆస్కార్ ఎగురుతుంది, మూత ఉండాలి. గాజు హీటరును తోకతో పగలగొడుతుంది, జాలీ తొడగాలి. కొత్త ట్యాంకులో చేప వ్యర్థాల్లోంచి వచ్చే విషం అమ్మోనియాను హాని తక్కువ రూపంలోకి మార్చే బ్యాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పాత ఫిల్టర్ స్పాంజిని కడగకుండా అలాగే కొత్త ఫిల్టర్‌లో పెడితే ఆ గండం చాలావరకు గట్టెక్కుతుంది.

టార్పాలిన్ తొట్టి

బయోఫ్లాక్ (తొట్టెల్లో చేపలు పెంచే పద్ధతి) పుణ్యమా అని ఇనుప మెష్‌తో గుండ్రటి టార్పాలిన్ ట్యాంకులు ఇప్పుడు ఊళ్లలోనూ దొరుకుతున్నాయి. పదడుగుల వ్యాసం, మూడడుగుల నీళ్లంటే 6,600 లీటర్లు. అంత నీటిని గాజులో పెట్టాలంటే ఆ ఖర్చు ఊహకు అందదు.

కోయి, కామెట్ గోల్డ్‌ఫిష్‌లకు దీన్ని మించింది లేదు. అవి చలిని తట్టుకుంటాయి, పైనుంచి చూస్తేనే అందం. ఆస్కార్, పంగాసియస్, రూప్‌చంద్‌లతోనే చిక్కు. ఇవి వెచ్చని నీటి చేపలు; నీళ్లు 20 డిగ్రీల కిందికి దిగితే తిండి మానేసి జబ్బు పడతాయి. కోస్తాలో గడిచిపోతుంది. ఆదిలాబాద్, మెదక్ వైపు డిసెంబరు, జనవరి రాత్రుళ్లలో 6,600 లీటర్లను హీటరుతో వేడి చేయడం అయ్యే పని కాదు. ఎండాకాలం ఇంకో బాధ, నీళ్లు వేడెక్కే కొద్దీ ఆక్సిజన్ పట్టుకోలేవు. గ్రీన్ షేడ్ నెట్ వేయాలి, ఎయిర్ పంపు రాత్రంతా ఆడాలి, కరెంటు పోతే ఇన్వర్టర్ మీద ఉండాలి. లకుముకి పిట్టలకూ పిల్లులకూ అడ్డుగా, చేప ఎగిరిపడకుండా పైన వల బిగించాలి.

డాబా మీద మాత్రం వద్దు. ఒక్క అడుగు లోతు నీళ్లే చదరపు మీటరుకు 300 కిలోలు దాటుతాయి. డాబా స్లాబు లెక్క అందులో సగమే. నేల మీదే కట్టండి, కింద ఇసుక పరచండి.

ఇచ్చేయడం

పంగాసియస్, రూప్‌చంద్, రెడ్‌టెయిల్, ఆలిగేటర్ గార్ (మొసలి మూతి ఉండే భారీ చేప) ఉన్నవాళ్లకు ఇదే మేలు. మనసుకు కష్టంగా ఉన్నా ఇంట్లో వీటికి వేరే పరిష్కారం లేదు. పది అంగుళాల లోపే ఇచ్చేయాలి. షాపువాళ్లకూ పెద్ద ట్యాంకులు పరిమితమే, ఎదిగాక వాళ్లూ వద్దంటారు. డబ్బు అడక్కండి, బదులుగా దాణా ప్యాకెట్ ఇస్తే చాలనుకోండి. పెద్ద ట్యాంకులున్న అభిరుచిపరులకు ఇచ్చేముందు ట్యాంకు ఫొటో అడగండి.

తెలిసిన ఆక్వా రైతుకు ఇద్దామనే ఆలోచన వస్తుంది. రైతు వద్దంటాడు, న్యాయమే. ఒక్క అక్వేరియం చేపతో వచ్చే చేప పేను ఎకరాల చెరువంతా పాకగలదు. ‘అదే చేప కదా, కూర వండేద్దాం’ అనేవాళ్లూ ఉంటారు. ట్యాంకులో మెలకైట్ గ్రీన్ లాంటి మందులు వేసి ఉంటే ఆ చేప తినడానికి పనికిరాదు. ఆ మందు తినే చేపల పెంపకంలో నిషిద్ధం.

తీసుకెళ్లే ముందు 24 గంటలు మేత ఆపండి. పంగాసియస్‌ను, సక్కర్‌ను వలతో పట్టకండి: పక్క రెక్కల ముళ్లు వలలో చిక్కి రెక్క విరుగుతుంది, కొన్నిసార్లు మీ వేలు కూడా తెగుతుంది. ప్లాస్టిక్ టబ్బును నీళ్లలో ముంచి చేపను అందులోకి తోలండి. మూతున్న డ్రమ్ములో చేప వీపు మునిగేంత పాత నీళ్లు పోసి, బ్యాటరీ ఎయిర్ పంపు పెట్టండి. లోపల చీకటిగా ఉంటే కొట్టుకోదు.

చెరువులో, కోనేట్లో వదలడం

పుణ్యమనుకుని చేసే పని ఇది. ఫలితం మన రెండు రాష్ట్రాల చెరువుల్లోనూ కనిపిస్తోంది: డెవిల్ ఫిష్ అని మత్స్యకారులు తిట్టుకునేది షాపు సక్కర్‌నే. ఒంటి మీది గట్టి పలకలు, ముళ్లు వలలను చింపుతాయి, గట్లలో బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది, కొనేవాడు ఉండడు. కశ్మీర్ దాల్ సరస్సులో 2023లో ఆలిగేటర్ గార్ దొరికింది. దీన్ని మిగతావాటితో తూకం వేయాల్సిన పనే లేదు.

దారి దొరికేదాకా

ఇచ్చే చోటు కుదరడానికి మూడు నాలుగు వారాలు పట్టొచ్చు. ఈలోపు మేత రోజుకు ఒక్కసారి, రెండు నిమిషాల్లో అయిపోయేంత. రాళ్లు, బొమ్మలు, ప్లాస్టిక్ మొక్కలు తీసేయండి, రెండు మూడు లీటర్లయినా కలిసొస్తుంది. వారానికి రెండుసార్లు 40 శాతం నీళ్లు మార్చండి; కుళాయి నీళ్లయితే యాంటీ క్లోరిన్ కలపకుండా పోయొద్దు.

నెలల తరబడి నీళ్లు మార్చని ట్యాంకైతే ఒక్కసారిగా 40 శాతం మార్చకండి. అలాంటి నీటిలో పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) పడిపోయి, అమ్మోనియా హాని తక్కువ రూపంలో నిద్రపోతుంటుంది. పీహెచ్ 8 ఉన్న బోరు నీళ్లు బకెట్లతో పోయగానే అది విష రూపంలోకి మారుతుంది. పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే విష భాగం దాదాపు పది రెట్లు. ‘నీళ్లు మార్చాకే చచ్చిపోయాయి’ అనే ఫిర్యాదు వెనక చాలాసార్లు ఇదే ఉంటుంది. వారం పాటు రోజుకు పది, పదిహేను శాతం చొప్పున మార్చి, తర్వాత పెంచండి. స్పాంజిని కుళాయి కింద పిండడం కూడా అలాంటి పొరపాటే, క్లోరిన్‌కు బ్యాక్టీరియా చస్తుంది. ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే రెండుసార్లు పిండి పెట్టేయాలి.

ఖాళీ అయిన రెండడుగుల్లో

జీబ్రా డానియోలు ఎనిమిది, లేదా హనీ గురామీలు మూడు. రెండూ మన దేశపు చేపలే. ఆస్కార్‌లా మనిషిని గుర్తుపట్టి దగ్గరికొచ్చే చేప కావాలంటే ఒక జత క్రిబెన్సిస్, నాలుగంగుళాలు మించవు. పాచి తినడానికి సక్కర్ బదులు రెండు నెరైట్ నత్తలు చాలు. పంగాసియస్‌ను పోలినది ఈ కొలతలో ఏదీ లేదు, వెతక్కండి. పెద్ద చేప వెళ్లిన రోజే ఫిల్టర్ ఆపేయకండి. తిండి లేక బ్యాక్టీరియా నెమ్మదిగా తగ్గిపోతుంది కాబట్టి వారం లోపే కొత్తవాటిని వేయండి, అదీ మూడేసి చొప్పున.