వేప పూత యూరియా 45 కిలోల బస్తా: చెరకు తోటలో దీనితో ఒరిగేదేంటి, చెడేదేంటి

ఉమ్మడి విశాఖ జిల్లా చెరకు రైతుల్లో ఒక నమ్మకం ఉంది: యూరియాకి వేప పూత వేశారు కాబట్టి పురుగు కూడా తగ్గుతుందని. తగ్గదు. టన్ను యూరియాకి అంటి ఉండే వేపనూనె కొన్ని వందల గ్రాములే, దానికి పురుగు చావదు. ఆ పూత పని వేరు. నేలలో అమ్మోనియా నైట్రేటుగా మారే వేగాన్ని తగ్గిస్తుంది, ఇసుక పాలు ఎక్కువున్న నేలల్లో నీటితో దిగిపోయే నత్రజని కొంత నిలుస్తుంది. ఆ పని వరకు సరుకు మంచిదే.

బస్తా ధర రూ.266.50. 2018 నుంచి 50 కిలోలు కాస్తా 45 అయింది. నత్రజని 46 శాతం, అంటే బస్తాకి 20.7 కిలోలు. చాలామంది లెక్క తప్పేది ఇక్కడే. మన ప్రాంతంలో మొక్క తోటకి (కొత్తగా నాటిన చెరకుకి) ఎకరాకు సిఫారసు 45 కిలోల నత్రజని, 40 భాస్వరం, 48 పొటాష్. భాస్వరం కోసం సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ (5 బస్తాలు) వేస్తే యూరియా రెండు బస్తాల పైచిలుకు పడుతుంది. అదే డీఏపీ 87 కిలోలు వేస్తే అందులోనే దాదాపు 16 కిలోల నత్రజని వచ్చేస్తుంది, ఇక యూరియా బస్తాన్నర లోపే చాలు. డీఏపీ వేసి, మళ్లీ రెండు బస్తాల యూరియా చల్లితే పన్నెండు కిలోలు ఎక్కువైనట్టు. కార్శి తోట (నరికిన మోళ్ల నుంచి మళ్లీ చిగిర్చేది) లెక్క వేరు, దానికి నత్రజని ఎక్కువే కావాలి.

ఎక్కువైతే ఏమవుతుంది? ఆకు నల్లపచ్చగా, మెత్తగా, రసం నిండి ఉంటుంది. ఆకు రసం పీల్చే పైరిల్లా పురుగుకి అంతకన్నా విందు లేదు. కణుపులు తొలిచే పురుగూ అలాంటి లేత గడకే ఎగబడుతుంది. తోట బరువెక్కి, జడచుట్లు (గడలు పడిపోకుండా ఆకులతో కలిపి కట్టే కట్లు) సరిగా వేయకపోతే అక్టోబరు తుపాను గాలికి పడిపోతుంది. పడ్డ తోటలో ఎలుకలు, పురుగులు రెండూ పెరుగుతాయి. తెల్లదోమది మాత్రం ఎదురు లెక్క: నీరు నిలిచి, నత్రజని అందక పసుపెక్కిన తోటలోనే అది విజృంభిస్తుంది. కాబట్టి యూరియా మొత్తానికే మానేయడమూ మందు కాదు.

లేత పిలకల్ని తొలిచే పీక పురుగుకి యూరియాతో పనిలేదు. మొవ్వు ఎండి, లాగితే చేతికి ఊడొచ్చి, మొదట్లో కుళ్లు వాసన వస్తే అదే. ఎండ, పొడి నేల దానికి అనుకూలం. నాటిన మూడో రోజుకి ఎకరాకు టన్నుంబావు చెరకు చెత్త కప్పడం యూరియా కన్నా పనికొస్తుంది.

దిగుబడి అంటే టన్నులే కాదు. నత్రజని ఆలస్యంగా, ఎక్కువగా పడితే కొత్త పిలకలు వస్తూనే ఉంటాయి, రసం శుద్ధత పడిపోతుంది. అనకాపల్లి యార్డులో బెల్లం రంగు చూసే ధర కడతారు; ఇలాంటి రసంతో దిమ్మ నల్లబడుతుంది, గట్టిపడదు. చలిదేశాల షుగర్ బీట్‌లోనూ ఇదే తంతు: నత్రజని మించితే ఆకు పెరుగుతుంది, పేనుబంక చేరుతుంది, దుంపలో చక్కెర శాతం తగ్గుతుంది.

వాడే పద్ధతి: యూరియా సగం నాటిన 45 రోజులకి, సగం 90 రోజులకి. దుబ్బు పక్కన చిన్న గుంత తీసి వేసి మట్టి కప్పాలి. చెత్త మీద చల్లితే అమ్మోనియాగా గాలిలో కలిసిపోతుంది. తొంభై రోజులు దాటాక మొక్క తోటకి వేయకండి, పక్క చేను పచ్చగా ఉందని అసలే వేయకండి. పొటాష్ మానొద్దు, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ ఎరువైతే ఎకరాకు 80 కిలోలు.

కొనేటప్పుడు ఆధార్, వేలిముద్ర తప్పవు, బిల్లు అడిగి తీసుకోండి. యూరియా కావాలంటే ఇంకో మందు డబ్బా కూడా కొనాలని లింకు పెడితే ఒప్పుకోకండి, మండల వ్యవసాయాధికారికి చెప్పండి. అనుమానముంటే నాలుగు గింజలు వేడి పెనం మీద వేసి మంట పెంచండి: అసలైతే కరిగి, అడుగున ఏమీ మిగలదు. మన తీరపు గాలికి విప్పిన బస్తా త్వరగా గడ్డకడుతుంది, చెక్కల మీద పెట్టి మూతి బిగించి కట్టండి.