డాలర్లు కావు, టీఐవీ: సిప్రి వెబ్‌సైటు గురించి ఒక జిరాక్స్ షాపాయన మాట

గుంటూరులో మిలిటరీ అనగానే ముందు హోటలు గుర్తొస్తుంది. బ్రాడీపేటలో కోచింగ్ పిల్లల దగ్గర మాత్రం ‘మిలిటరీ జిరాక్స్’ అంటే నా షాపే. బోర్డు మీద వేరే పేరుంది, దాన్నెవరూ చదవరు. 24 ఏళ్లు ఆర్టిలరీలో చేసి హవల్దారుగా రిటైరయ్యాను. గోల్కొండ సెంటర్‌లో ట్రైనింగు, తర్వాత ఎక్కువ కాలం బోఫోర్స్ గన్ మీద. 2017లో ఇంటికొచ్చి రెండు జిరాక్స్ మిషన్లు, ఒక స్పైరల్ బైండింగ్ మిషను పెట్టుకున్నాను.

రివ్యూ ఆ మిషన్ల గురించి కాదు. స్వీడన్‌లో స్టాక్‌హోమ్ ఇంటర్నేషనల్ పీస్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ అని ఒకటుంది, పొట్టిగా సిప్రి. దాని వెబ్‌సైటు గురించి. ఏ దేశం ఎవరి దగ్గర ఏ ఆయుధం తెచ్చుకుంది, మిలిటరీ మీద ఎంత ఖర్చు పెట్టింది అనే లెక్కలు వాళ్లు కట్టి ఊరికే ఇస్తారు. ఫోన్ నంబరు అడగరు, ఓటీపీ రాదు. సివిల్స్‌కీ గ్రూప్-1కీ చదివే పిల్లల నోట్సుల్లో డిఫెన్స్ అంకెలు చాలావరకు అక్కడివే. కాకపోతే చేతులు మారుతూ వచ్చేసరికి సగం పాడైపోయి ఉంటాయి. నేనూ ఒకసారి పాడు చేసిన వాడినే.

పోయిన వేసవిలో ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు అంతర్గత భద్రత నోట్సు తెచ్చారు. 180 కాపీలు, సాయంత్రానికల్లా కావాలన్నారు. వాళ్లు చేత్తో రాసిచ్చిన ఒక టేబుల్ నేనే టైపు చేశాను. ఇండియా ఆయుధ దిగుమతులు, ఏడాది వారీగా. పైన ‘మిలియన్లలో’ అని మాత్రమే ఉంది. మిలియన్లంటే డాలర్లే కదా అని పక్కన ‘డాలర్లు’ అని కలిపింది నేనే. అడిగి ఉండాల్సింది. వాళ్లూ చూసుకుని ఉండాల్సింది.

రెండు రోజుల తర్వాత నరసరావుపేట నుంచి వచ్చి హాస్టల్లో ఉండే ఒకమ్మాయి పుస్తకం పట్టుకుని షాపుకొచ్చింది. “అంకుల్, 37వ పేజీ చూడండి. మొత్తం దేశం దిగుమతులన్నీ కలిపినా ఏ ఏడాదీ రాఫెల్ డీలంత లేవేంటి?” అంది. రాఫెల్ అంటే ఫ్రాన్స్ నుంచి కొన్న 36 యుద్ధ విమానాలు, 787 కోట్ల యూరోలు. డబ్బు ఒకే ఏడాది ఇవ్వరమ్మా, విడతల వారీగా ఇస్తారు అని ఏదో చెప్పాను. ఆ అమ్మాయి ఊరుకోలేదు. “సరే అంకుల్, విడతలుగా ఇచ్చినా ఇంత తక్కువ రాకూడదు కదా” అంది. నాకు జవాబు లేదు. ఆ రాత్రి షట్టర్ దించి సిప్రి సైటు తెరిచాను. అంకెల జోలికి పోకుండా, ఆ అంకెలు ఎలా కట్టారో చెప్పే పేజీ మొదటిసారి చదివాను. అది ‘సోర్సెస్ అండ్ మెథడ్స్’ అనే చోట ఉంటుంది. ఎవరూ ప్రింటు అడగని పేజీ అది.

అక్కడ తెలిసింది, ఆ టేబుల్లో ఉన్నవి డాలర్లు కావు. దాన్ని టీఐవీ అంటారు, ట్రెండ్ ఇండికేటర్ వాల్యూ. మన మిర్చి యార్డు భాషలో చెబితే తేలిగ్గా పోతుంది. యార్డుకి ఎంత మిర్చి వచ్చిందో తెలియాలంటే రైతు చేతికొచ్చిన రూపాయలు లెక్కపెడతామా? ఒకరు ధర ఉన్నప్పుడు అమ్ముతారు, ఇంకొకరు అప్పు తీర్చాలని తెగనమ్ముతారు, మరొకరు బావగారికి ఊరికే ఇస్తారు. సరుకు ఎంత కదిలిందో తెలియాలంటే టిక్కీలే, అంటే బస్తాలే లెక్కపెట్టాలి. టీఐవీ కూడా అలాంటిదే. ఒక్కో రకం ఆయుధం తయారీకి అయ్యే ఖర్చును బట్టి దానికో విలువ కడతారు. దాన్ని స్నేహితుడి ధరకి అమ్మినా, ఉక్రెయిన్‌కి ఇచ్చినట్టు సాయంగా ఇచ్చినా విలువ మారదు. వాడేసిన సరుకైతే కొత్తదాని విలువలో 40 శాతమే కడతారు. పాతదాన్ని బాగా మరమ్మతు చేసి, మార్చి ఇస్తే 66 శాతం. విశాఖలో ఉన్న జలాశ్వ నౌక అమెరికా వాళ్లు వాడి 2007లో మనకిచ్చిన ట్రెంటన్. అలాంటివి వచ్చినప్పుడు ఈ శాతాలు పనికొస్తాయి. కోల్డ్ స్టోరేజీలో రెండేళ్లు ఉన్న సరుకుకి ధర తగ్గించడం మా ఊరికి కొత్త కాదు కదా.

ఇంకో సంగతి. సంతకం అయిన రోజు లెక్కలోకి రాదు, సరుకు దిగిన రోజే వస్తుంది. రాఫెల్‌కి సంతకం 2016 సెప్టెంబరులో. మొదటి ఐదు అంబాలాలో దిగింది 2020 జులై 29న. 2025 మార్చిలో సిప్రి ఇచ్చిన లెక్క ప్రకారం 2020-24 మధ్య మన దిగుమతుల్లో రష్యా వాటా 36 శాతం, ఫ్రాన్స్ 33, ఇజ్రాయెల్ 13. 2010-14లో రష్యా ఒక్కటే 72 శాతం ఉండేది. ఫ్రాన్స్ అంత పైకెలా వచ్చిందంటే 2016లో పెట్టిన సంతకం ఆ ఐదేళ్లలో విమానాలై దిగింది మరి. 2025 ఏప్రిల్‌లో నేవీ కోసం మరో 26 రాఫెల్‌లకి సంతకం అయింది. అవి దిగేదాకా ఈ లెక్కలో కనపడవు. అందుకే వాళ్లు ఎప్పుడూ ఐదేళ్లని కలిపి ఐదేళ్లతో పోలుస్తారు. నోట్సులు రాసేవాళ్లు ఒక్క ఏడాది అంకె పట్టుకుని ‘దిగుమతులు పడిపోయాయి’ అని హెడ్డింగు పెట్టేస్తారు.

లెక్కలోకి రానివి కూడా తెలుసుకోవాలి. రైఫిళ్లు రావు. 2019లో అమెరికా నుంచి 72,400 సిగ్ 716 రైఫిళ్లు కొన్నాం. అవి ఈ తూకంలో సున్నా. ఫిరంగుల్లో 100 మిల్లీమీటర్లు, ఆపైవే తీసుకుంటారు. మనవాళ్లే రూపొందించి చేసుకున్నవి దిగుమతి కాదు కాబట్టి ఉండవు. సూర్యలంక రేంజిలో పేల్చే ఆకాశ్ క్షిపణి అందుకే మన దిగుమతుల్లో దొరకదు. కానీ నాసిక్‌లో హెచ్ఏఎల్ తయారు చేసిన సుఖోయ్-30లు, ఆవడిలో బిగించిన టీ-90 ట్యాంకులు రష్యా ఖాతాలో పడతాయి, ఎందుకంటే లైసెన్సు వాళ్లది. ఈ ఒక్క ముక్క తెలిస్తే టీవీ చర్చల్లో సగం అరుపులు తగ్గుతాయి.

ఆ రాత్రి ఇంకో పని కూడా చేశాను, చిన్నపిల్లాడిలా. ఎవరు ఎవరికి ఏ ఆయుధం అమ్మారో వరుసలుగా చూపే రిజిస్టర్ ఒకటి ఆ సైట్లో ఉంది. అందులో అమ్మినవాడు స్వీడన్, కొన్నవాడు ఇండియా అని పెట్టి వెతికాను. దొరికింది మా బోఫోర్స్ గన్. ఎఫ్‌హెచ్-77, 155 మిల్లీమీటర్లు, ఆర్డరు 1986. ఒక వరుస, అంతే. కార్గిల్ యుద్ధమప్పుడు, 1999లో ద్రాస్‌లో ఒక్కో గుండు 43 కిలోల పైన ఉండేది, అంత ఎత్తున గాలి తక్కువ, గుండు ఎత్తి ట్రేలో పెట్టేసరికి కళ్ల ముందు నల్లచుక్కలు తిరిగేవి. మా డిటాచ్‌మెంట్‌లో ఒకరు చెవుల్లో దూది కూడా పెట్టుకోనిచ్చేవాడు కాదు, ఆర్డరు వినపడదని. ఇప్పుడు నాకు కుడిచెవి సరిగా వినపడదు, కస్టమర్లు ‘రెండు కాపీలు’ అంటే పది తీసేస్తుంటాను. అదంతా వాళ్ల టేబుల్లో ఒక వరుస. గన్ స్వీడన్‌దే, గన్ లెక్క రాసేవాళ్లూ స్వీడన్ వాళ్లే. నవ్వొచ్చింది.

ఆ నవ్వులోనే ఒక అనుమానమూ ఉంది, రివ్యూ కాబట్టి చెప్పాలి. స్వీడన్‌లో 150 ఏళ్లు యుద్ధం లేకుండా గడిచినందుకు గుర్తుగా 1966లో పెట్టిన సంస్థ ఇది. ఇప్పటికీ డబ్బులో పెద్ద వాటా స్వీడన్ ప్రభుత్వానిదే. ఆ స్వీడన్ గ్రిపెన్ విమానాలు అమ్ముతుంది, 2024 మార్చిలో నాటోలో చేరింది. మరి లెక్క నమ్మొచ్చా? నా మటుకు నమ్ముతాను. వాళ్ల మంచితనం చూసి కాదు. ఏది లెక్కపెట్టారో, ఏది వదిలేశారో వాళ్లే రాసి పెడతారు, ఖర్చుల ఫైల్లో అయితే రంగులు కూడా వేస్తారు. నీలం అంకె అంటే అంచనా, ఎరుపు అంటే అసలు గట్టిగా చెప్పలేం అని. చైనా వరుస చూడండి, నీలమే. జిరాక్స్ తీస్తే ఆ రంగులు పోతాయి, అన్నీ నలుపే. నోట్సులో 2024కి చైనా ఖర్చు 314 బిలియన్ డాలర్లు అని దించుకున్న పిల్లవాడికి అది అంచనా అని తెలిసే దారే లేదు. కలర్ ప్రింటు పది రూపాయలు, ఎవరు తీయించుకుంటారు?

ఖర్చుల విషయంలో పిల్లలు ఎక్కువగా అడిగేది ఇంకోటుంది. 2024లో ఇండియా మిలిటరీ ఖర్చు 86.1 బిలియన్ డాలర్లు, ప్రపంచంలో ఐదో స్థానం అని సిప్రి చెబుతుంది. రూపాయల్లో సుమారు 7.2 లక్షల కోట్లు. బడ్జెట్‌లో రక్షణ శాఖకి 2024-25లో ఇచ్చింది 6.22 లక్షల కోట్లు. ఏది నిజం? రెండూ నిజమే. మా బావమరిది బీఎస్ఎఫ్‌లో ఉన్నాడు, వాడి జీతం హోం శాఖ పద్దులోంచి వస్తుంది. సిప్రి దాన్నీ కలుపుతుంది, సీఆర్‌పీఎఫ్, ఐటీబీపీ కూడా. పైగా మన బడ్జెట్ ఏప్రిల్ నుంచి మార్చి, వాళ్లది జనవరి నుంచి డిసెంబరు. పింఛన్లు రెండింట్లోనూ ఉన్నాయి. ఆ 6.22లో పింఛన్లే 1.41 లక్షల కోట్లు. అంటే ప్రతి నెలా నా అకౌంట్లో పడే పింఛను కూడా ప్రపంచ మిలిటరీ ఖర్చు 2,718 బిలియన్లలో ఒక పిసరు. ఇది మా ఆవిడకి చెబితే, “అయితే మనం కూరగాయలు కొనేదీ యుద్ధ ఖర్చేనా?” అంది. ఆ అమ్మాయికి చెబితే మాత్రం వెంటనే నోట్ చేసుకుంది.

ఇక ఇబ్బందులు. ఫోన్లో రిజిస్టర్ చూడటం కష్టం, కంప్యూటరే కావాలి. ఖర్చుల ఎక్సెల్ ఫైల్లో షీట్లు బోలెడు. ఒకటి ఆ ఏడాది డాలర్లలో, ఒకటి ధరల పెరుగుదల తీసేసి స్థిర డాలర్లలో, ఒకటి జీడీపీలో శాతం, ఒకటి రూపాయల్లో. రెండు షీట్ల అంకెలు ఒకే వాక్యంలో కలిపేసిన నోట్సు నేనే మూడు చూశాను. అంతా ఇంగ్లిషే, తెలుగు మీడియం పిల్లలకి ఆ మెథడ్స్ పేజీ నోరు తిరగదు.

అంకె కాకుండా వివరణ కావాలంటే ఢిల్లీలోని ఐడీఎస్ఏ సైటు చూడమంటాను, ఇప్పుడు మనోహర్ పారికర్ పేరుతో ఉంది. 1965లో పెట్టారు. కార్గిల్ తర్వాత రివ్యూ కమిటీకి అధ్యక్షుడిగా ఉన్న కె.సుబ్రహ్మణ్యం గారు అంతకుముందు ఏళ్ల తరబడి దానికి డైరెక్టరు. వాళ్లూ ఊరికే ఇస్తారు. చిన్న చిన్న వ్యాసాలు, పాఠకుల ప్రశ్నలకి జవాబులిచ్చే విభాగం కూడా ఉంది. రక్షణ శాఖ డబ్బుతో నడిచేది కాబట్టి మన సర్కారుని గట్టిగా తిట్టిన వ్యాసం అక్కడ వెతుక్కోవద్దు. సరిహద్దు మీద మనవాళ్లు ఏమనుకుంటున్నారో తెలుసుకోవడానికి మాత్రం బాగుంటుంది.

సిప్రికి నేను ఐదుకి నాలుగున్నర ఇస్తాను. అర మార్కు ఫోన్‌కి కోత. ఆయుధాల లెక్క మార్చిలో, ఖర్చుల లెక్క ఏప్రిల్లో, వంద పెద్ద ఆయుధ కంపెనీల జాబితా డిసెంబరులో వస్తాయి. పరీక్షకి వెళ్లే ముందు పాత నోట్సు కాకుండా అక్కడికే వెళ్లి చూసుకోండి.

180 కాపీల సంగతి ఏమైందంటారా? సెంటర్ ఆయనకి ఫోన్ చేసి చెప్పాను. “పరీక్షలో అంత లోతుగా అడగర్లెండి” అన్నారు. నేనే ‘డాలర్లు కావు, టీఐవీ. ఇది సరుకు కొలత, డబ్బు కాదు’ అని స్లిప్పులు కొట్టి, కత్తెరతో కత్తిరించి, వచ్చినవాళ్ల పుస్తకాల్లో గమ్ముతో అంటించాను. ఆ నరసరావుపేట అమ్మాయి ఒక సాయంత్రం కూర్చుని సాయం చేసింది, నాకంటే తిన్నగా అంటించింది. ఇంకా నలభై దాకా స్లిప్పులు కౌంటర్ సొరుగులో ఉన్నాయి. పచ్చ అట్ట, స్పైరల్ బైండింగ్ నోట్సు మీ దగ్గరుంటే తీసుకురండి, 37వ పేజీ. డబ్బులక్కర్లేదు.