లైమ్‌లైట్ హైడ్రాంజియా: గడ్డకట్టే చలిలోనూ నమ్మదగ్గ పూలపొద

చలి ప్రాంతపు తోటకి ఒక్క పూలపొదే కొనాలంటే మా ఓటు దీనికే. హైడ్రాంజియా పానిక్యులాటా జాతి. మైనస్ 35 డిగ్రీల చలినీ తట్టుకుంటుంది.

కొనేటప్పుడు చీటీ ఒక్కదాన్నే నమ్మకండి, కణుపులు చూడండి. కొన్నిచోట్లైనా మూడేసి ఆకులు ఒకే కణుపు చుట్టూ ఉంటాయి. పూలగుత్తి శంకువులా ఉంటుంది. ఆకు మందంగా నిగనిగలాడుతూ, గుత్తి గుండ్రంగా ఉంటే అది మాక్రోఫిల్లా అనే వేరే హైడ్రాంజియా జాతి. దాని మొగ్గలు నిరుటి కొమ్మల మీదే ఉంటాయి కాబట్టి చలికి మాడిపోయి, ఆకులే మిగులుతాయి. లైమ్‌లైట్ ఆ ఏటి కొత్త కొమ్మల మీద పూస్తుంది, అందుకే ఏటా పూలు గ్యారంటీ.

వేరుగడ్డకి (వేర్లు, మట్టి కలిసిన ముద్ద) రెండింతల వెడల్పు గుంట తీయండి, లోతు మాత్రం గడ్డంతే. చుట్టలు తిరిగిన వేర్లు విడదీయండి. కాండానికి తగలకుండా 5–8 సెంటీమీటర్ల మల్చింగ్ (ఎండుటాకుల లాంటివాటితో నేలని కప్పే పొర) వేయండి. రోజుకి కనీసం 4–6 గంటల ఎండ కావాలి. చలికాలం చివర, చిగురించకముందే మూడోవంతు కత్తిరించాలి. వేసవిలో కత్తిరిస్తే ఆ ఏటి పూలు పోయినట్టే.

లోపమల్లా ఒకటే: లేత మొక్కల్లో గుత్తుల బరువుకి కొమ్మలు వంగుతాయి, వాన పడితే మరీను. నత్రజని ఎరువు ఎక్కువైతే ఇంకా వాలిపోతాయి. 2 మీటర్ల పైన పెరుగుతుంది, చోటు వదలండి.